పిడికెడు చేని మట్టిలో కోట్ల వైరస్‌లు: పైరు మీద కాదు, తెగులు మీదే వీటి దాడి

వైరస్ అనే మాట వినపడితే చాలు, మిరప రైతు గుండె గుభేలుమంటుంది. ఆకులు ముడుచుకుని, మొక్క గిడసబారి, కాపు లేక చేను చేనంతా పీకేసిన ఏళ్లు కనిగిరి చుట్టుపక్కల ఎవరూ మర్చిపోలేదు. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన తోటను కళ్లముందే దున్నేసిన వాళ్లున్నారు. అలాంటి మనకు 'వైరస్‌ల్లోనూ మంచివి ఉన్నాయి, అవి మీ చేని మట్టిలోనే ఉన్నాయి' అని చెబితే నవ్వొస్తుంది. కానీ నిజం అదే. పైరు జోలికి రాకుండా, మనిషిని ముట్టకుండా, గొడ్డును తాకకుండా కేవలం బ్యాక్టీరియాను మాత్రమే పట్టుకుని చంపే వైరస్‌లు మట్టి నిండా ఉన్నాయి. వీటిని బ్యాక్టీరియోఫేజ్‌లు అంటారు. పొడుగు మాట కాబట్టి శాస్త్రజ్ఞులే కుదించి 'ఫేజ్' అంటున్నారు. మనమూ అలాగే అనుకుందాం.

విశేషం ఏమిటంటే, వీటిని వేల సంఖ్యలో వెతికి పట్టింది పేరు మోసిన శాస్త్రజ్ఞులు కాదు. కాలేజీలో అప్పుడే చేరిన మొదటి ఏడాది పిల్లలు. ఇంటి పెరట్లో, పొలం గట్టున, ఎరువు దిబ్బ పక్కన చెంచాడు మట్టి తీసుకెళ్లి ఈ పని చేశారు.

కుళ్లిన వంకాయ కింద దొరికింది

అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు గ్రాహం హాట్‌ఫుల్, హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ కలిసి 2008లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పుస్తకంలో పాఠం చదివి పరీక్ష రాయడం కాకుండా, ప్రతి విద్యార్థీ మట్టిలోంచి ఒక కొత్త ఫేజ్‌ను తనే పట్టాలి, దానికి పేరు పెట్టాలి, దాని జన్యువులను చదవాలి. మొదట పన్నెండు కాలేజీలతో మొదలై ఇప్పుడు నూటికి పైగా కాలేజీలకు పాకింది. పిల్లలు పట్టినవి ఇరవై వేలు దాటాయి. పేర్లు కూడా వాళ్ల ఇష్టమే. కుక్కపిల్ల పేర్లు, తినుబండారాల పేర్లు, సినిమా పాత్రల పేర్లు పెట్టారు. ఎవరూ కాదనలేదు.

ఇదే పద్ధతి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కూడా నేర్పారు. అక్కడ క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో 2010లో ఒక విద్యార్థిని కుళ్లిపోయిన వంకాయను ఎత్తి, దాని అడుగున ఉన్న మురిగిన పదార్థాన్ని తీసుకెళ్లింది. అందులో దొరికిన ఫేజ్‌కు 'మడ్డీ' అని పేరు పెట్టింది. మన భాషలో బురదోడు అనుకోవచ్చు. మిగతా వాటితో పాటు దాన్నీ పిట్స్‌బర్గ్‌లో చలిపెట్టెలో దాచారు. ఏళ్లు గడిచాయి.

2018లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆసుపత్రిలో పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన తర్వాత క్షయ బ్యాక్టీరియాకు దాయాది లాంటి ఒక బ్యాక్టీరియా ఒళ్లంతా పాకింది. ఏ యాంటీబయాటిక్‌కూ లొంగలేదు. డాక్టర్లు ఆశ వదులుకున్న స్థితిలో పిట్స్‌బర్గ్‌కు కబురు వెళ్లింది. చలిపెట్టెలో ఉన్న వేల ఫేజ్‌లను వరసగా పరీక్షిస్తే పనికొచ్చేవి మూడే తేలాయి. వాటిలో రెండింటికి జన్యువు సరిచేస్తే గాని పని జరగలేదు. ఉన్నది ఉన్నట్టుగా పనిచేసింది మాత్రం వంకాయ కింది బురదోడే. మూడూ కలిపి 2018 జూన్ నుంచి నరం ద్వారా ఎక్కించారు. ఆరు నెలల్లో అమ్మాయి పుండ్లు చాలావరకు మానాయి, ఇంటికి వెళ్లగలిగింది. జబ్బు పూర్తిగా పోలేదు గాని మనిషి లేచి తిరిగింది. 2019లో ఈ సంగతి ప్రపంచమంతా తెలిసింది. తర్వాత ఇదే రకం జబ్బుతో ఉన్న ఇరవై మందికి ఫేజ్‌లు ఇచ్చి చూస్తే పదకొండు మందికి మేలు కనిపించిందని 2022లో ప్రకటించారు. మిగతా తొమ్మిది మంది సంగతి కూడా మర్చిపోకూడదు. ఇదేమీ సంజీవని కాదు.

మట్టిలోంచి ఎలా పడతారు

ఇందులో మంత్రం ఏమీ లేదు. వేరుశనగ కాయలోంచి పప్పు ఏరినంత తేలిక కాకపోయినా, డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో చేయగల పనే.

చెంచాడు మట్టిని బ్యాక్టీరియా తినే పోషక ద్రవంలో కలిపి బాగా కుదుపుతారు. మట్టి అడుక్కి దిగాక పైతేటను జల్లెడ పడతారు. ఇది మన పిండి జల్లెడ కాదు. రంధ్రాలు ఎంత సన్నం అంటే బ్యాక్టీరియా కూడా ఇవతలే ఆగిపోతుంది. అంతకంటే చిన్నదైన ఫేజ్ మాత్రమే కిందికి దిగుతుంది. ఆ దిగిన నీటి చుక్కను, తమకు కావలసిన బ్యాక్టీరియాను కలిపి, సముద్రపు నాచు నుంచి తీసిన అగార్ అనే జెల్లీలో వేసి గాజు పళ్లెంలో పోస్తారు. వెచ్చగా ఉంచితే ఒకటి రెండు రోజుల్లో పళ్లెం అంతా బ్యాక్టీరియా పెరిగి నారుమడిలా దట్టంగా, మసకగా కమ్ముకుంటుంది. ఫేజ్ ఉంటే ఆ మసకలో అక్కడక్కడ గుండుసూది తలకాయంత గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. నారుమడిలో పురుగు తిన్న చోట కనిపించే గుంటల్లాగే. అక్కడ బ్యాక్టీరియా చచ్చిందన్న మాట. ఆ ఖాళీలోంచి తీసి మళ్లీ మళ్లీ ఇదే పని చేస్తే ఒకే రకం ఫేజ్ శుద్ధంగా మిగులుతుంది.

ఎంత చిన్నవి అని అడిగితే, అన్నిటికంటే ఎక్కువగా పరిశోధించిన టీ4 అనే ఫేజ్‌లను ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే ఒక మిల్లీమీటరుకు ఐదు వేలు పడతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే పైన పలకలు తేలిన తల, కింద తోక, సాలీడుకున్నట్టు కాళ్లు. బ్యాక్టీరియా మీద వాలి, కాళ్లతో పట్టుకుని, ఇంజెక్షన్ చేసినట్టు తన జన్యువును లోపలికి దించుతుంది. అరగంట తిరగకుండానే లోపల నూరు పైగా పిల్లలు తయారై బ్యాక్టీరియాను పగలగొట్టుకుని బయటపడతాయి. మళ్లీ వేట.

ఈ టీ4 మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న వాళ్లలో ఒకాయన పేరు వెనిగళ్ల బి. రావు. ఇంటిపేరు చూస్తేనే మనోడని తెలిసిపోతుంది. వాషింగ్టన్‌లోని క్యాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో ఆచార్యుడు. టీ4 తన తలలోకి జన్యువును ఎలా కుక్కుకుంటుందో, ఆ కుక్కే యంత్రం ఎంత బలమైనదో తేల్చిన బృందంలో ఆయన ముఖ్యుడు. ఇప్పుడు అదే ఫేజ్‌ను టీకాలు, జన్యు చికిత్స మోసుకెళ్లే బండిగా మలచడానికి పనిచేస్తున్నారు.

ఎక్కడ ఎక్కువ దొరుకుతాయి అంటే, బ్యాక్టీరియా ఎక్కడుంటే అక్కడ. పేడ దిబ్బ, కుళ్లిన ఆకు, బోరు కాలువ గట్టున తడి, చెట్టు నీడ. ఎండకు మాడి ఎర్రగా కాలిన మన మెట్ట చేని పైపొరలో తక్కువ. నాలుగు వేళ్ల లోతున తడి తగిలే చోట మేలు. గ్రాము మట్టిలో కోట్ల లెక్కన ఉంటాయి. భూమి మీద మొత్తం ఎన్ని అంటే ఒకటి వేసి పక్కన 31 సున్నాలు పెట్టాలని అంచనా.

వందేళ్ల కిందటే గుర్తించారు

గంగ, యమున నీళ్లలో కలరా బ్యాక్టీరియాను చంపేది ఏదో ఉందనీ, నీళ్లు కాస్తే ఆ గుణం పోతోందనీ ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ 1896లోనే రాశాడు. అదేమిటో ఆయనకు తెలియదు. 1915లో ఇంగ్లండులో ట్వోర్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ విడివిడిగా కనిపెట్టారు. పేరు పెట్టింది డెరెల్. అంతకు ముందు ఆయన మెక్సికోలో మిడతల దండును బ్యాక్టీరియాతో చంపే పనిలో ఉండగా పళ్లెంలో ఆ ఖాళీ మచ్చలు మొదటిసారి చూశానని చెప్పుకున్నాడు. రైతు బాధ తీర్చబోయి కనుక్కున్నాడన్న మాట. 1927లో కలరా మీద పరిశోధనకు ఆయన మన దేశానికి కూడా వచ్చాడు.

పంటల మీద వాడకం కూడా కొత్తేమీ కాదు. 1935లో అమెరికాలో మొక్కజొన్న విత్తనాన్ని ఫేజ్‌లతో శుద్ధి చేస్తే, నూటికి 18 మొక్కలకు వచ్చే బ్యాక్టీరియా ఎండు తెగులు రెండింటి లోపుకు దిగింది. తర్వాత పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ వచ్చేసరికి అందరూ ఫేజ్‌ను మర్చిపోయారు. రష్యా, జార్జియా వాళ్లు మాత్రం పట్టు వదల్లేదు.

దుకాణంలో పొట్లం కూడా మట్టిలోంచి వచ్చిందే

ఇప్పుడు మన సంగతికి వద్దాం. అక్టోబరు, నవంబరు ముసుర్లు పట్టాయంటే మిరప ఆకుల మీద నీళ్లు ఇంకినట్టు చిన్న చుక్కలు, అవి నల్లబడి చుట్టూ పసుపు, తర్వాత ఆకు రాలుడు. అది బ్యాక్టీరియా ఆకుమచ్చ తెగులు. పత్తిలో ఆకు ఈనెల మధ్య కోణాకారంగా నల్లమచ్చలు, ఈనెలు నల్లబడడం, కాయ మీద నూనె మరక లాంటి మచ్చ. అదీ బ్యాక్టీరియాదే. రెండూ జాంథోమోనాస్ అనే ఒకే జాతివి. విత్తనంతో వస్తాయి, వాన చినుకు చింది మొక్క నుంచి మొక్కకు పాకుతాయి.

వీటికి మనకు తెలిసిన మందు ఒకటే. కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం కలిపి కొట్టడం. ఈ పొట్లంలో ఏముందో చాలామందికి తెలియదు. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు ఉన్నాయి. మనుషులకు ఇచ్చేవే. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగానికి ప్రపంచంలో మొదటి మందు. దాన్ని కనిపెట్టింది కూడా ఒక విద్యార్థే. అమెరికాలో రట్గర్స్ వ్యవసాయ కళాశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే కుర్రాడు 1943లో, పశువుల ఎరువు బాగా వేసిన చేని మట్టిలోంచి తీశాడు. ఆయన గురువు వాక్స్‌మన్ ఒక్కడికే 1952లో నోబెల్ బహుమతి ఇచ్చారు. శిష్యుడు అంతకు ముందే కోర్టుకెక్కి సహ ఆవిష్కర్తగా గుర్తింపు తెచ్చుకోవలసి వచ్చింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అన్న మాట పల్లెల్లోనే కాదు, అక్కడా ఉంది.

టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దన్న ఆరియోమైసిన్. అదీ మట్టిలోదే. మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలో గడ్డి పెంచే మడి నుంచి వచ్చిన మట్టిలో దొరికింది. లెడర్లీ ప్రయోగశాలలో డగ్గర్ అనే పెద్దాయన దాన్ని కనిపెట్టి 1948లో ప్రకటించాడు. అప్పుడు అక్కడ పరిశోధనలకు పెద్ద దిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

మట్టిలోంచి వచ్చిన ఈ మందులను మళ్లీ చేలకే కొడుతూ పోతే ఏమవుతుంది? బ్యాక్టీరియా మొండికేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో టమాటా, మిరప మచ్చ తెగులుకు స్ట్రెప్టోమైసిన్ కొట్టి కొట్టి, 1962 నాటికే అది పనిచేయని స్థితి వచ్చింది. రాగి మందులకు తట్టుకునే బ్యాక్టీరియా 1983లో బయటపడింది. ఇక మనుషుల సంగతి. చేలో మొండికేసిన బ్యాక్టీరియా ఆ గుణాన్ని పక్క బ్యాక్టీరియాకు కూడా పంచుతుంది. రేపు మన ఇంట్లో మనిషికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో మందు పనిచేయదు. అందుకే ఈ రెండింటినీ 2024 నుంచి పంటల్లో పూర్తిగా ఆపేయాలంటూ కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. కాబట్టి పొట్లం కొనే ముందు మండల వ్యవసాయాధికారిని అడగడం మంచిది. 'మచ్చ కనపడింది, ఏదో ఒకటి ఇవ్వు' అని దుకాణదారును అడిగితే ఆయన ఏదో ఒకటే ఇస్తాడు. బూజు తెగులుకు, పురుగు పోటుకు, జెమిని వైరస్‌కు యాంటీబయాటిక్ కొట్టడం డబ్బు కాలవలో పోయడమే.

ఫేజ్ మందు వచ్చిందా మరి

వచ్చింది, అమెరికాలో. టమాటా, మిరప బ్యాక్టీరియా మచ్చ తెగులుకు 'అగ్రిఫేజ్' అనే పేరుతో ఆమ్నిలిటిక్స్ కంపెనీ తయారు చేసిన ఫేజ్ మందుకు అక్కడి పర్యావరణ సంస్థ 2005లో అనుమతి ఇచ్చింది. చైనాలో నాన్‌జింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు టమాటా ఎండు తెగులు బ్యాక్టీరియా మీద ఒక్క ఫేజ్ కాకుండా కొన్నింటిని కలిపి మట్టిలో వాడితే తెగులు 80 శాతం దాకా తగ్గిందని 2019లో ప్రకటించారు.

కానీ దీనికి ఇబ్బందులు ఉన్నాయి. వాటిని దాచి మంచి మాటలే చెబితే రైతుకు అన్యాయం చేసినట్టే.

మొదటిది ఎండ. ఫేజ్‌కు ఎండ పడదు. ఆకు మీద పొద్దున కొడితే మధ్యాహ్నానికి చచ్చిపోతుంది. కనిగిరి ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్లోరిడా వాళ్లు సాయంత్రం పూట కొట్టి, వెన్న తీసిన పాలపొడి, పంచదార కలిపి చూస్తే ఎక్కువ సేపు నిలిచింది. రెండోది, రాగి మందు తగిలితే ఫేజ్ దెబ్బతింటుంది. రెండూ ఒకే ట్యాంకులో కలపడం కుదరదు. మూడోది ఇంకా పెద్ద చిక్కు. ఫేజ్‌కు పట్టింపు ఎక్కువ. పత్తి బ్యాక్టీరియాను తినేది మిరప బ్యాక్టీరియాను ముట్టకపోవచ్చు. ఒక ఊరి తెగులు మీద పనిచేసింది పక్క ఊళ్లో పనిచేయకపోవచ్చు. పైగా బ్యాక్టీరియా కూడా మారుతుంది. అందుకే ఫేజ్‌లను ఎప్పటికప్పుడు మార్చి, నాలుగైదు కలిపి ఇవ్వాలి. ఇక్కడే విద్యార్థుల పని అక్కరకొస్తుంది. ఒక ప్రాంతం తెగులుకు మందు ఆ ప్రాంతం మట్టిలోనే వెతకాలి. అమెరికా సీసా తెచ్చి ఇక్కడ పోస్తే లాభం ఉంటుందని చెప్పలేం. బాపట్ల వ్యవసాయ కళాశాల, గుంటూరు లాం ఫారం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గర్లోనే ఉన్నాయి. మన పట్టణాల డిగ్రీ కాలేజీల్లో మైక్రోబయాలజీ చదివే రైతు బిడ్డలూ ఉన్నారు. పళ్లేలు, అగార్, వెచ్చటి పెట్టె ఉంటే వేట మొదలవుతుంది. సెలవులకు ఊరొచ్చిన పిల్లాడు చేని గట్టున చెంచాడు మట్టి తీసుకెళితే మనకు పోయేదేమీ లేదు.

నాలుగో సంగతి. అన్ని ఫేజ్‌లూ మంచివి కావు. కొన్ని బ్యాక్టీరియాను చంపకుండా అందులోనే దాక్కుని, దానికి కొత్త విషాలు నేర్పుతాయి. అందుకే జన్యువులు చదివి గాని వాడరు. ఇంకా, మనకు మేలు చేసే బ్యాక్టీరియాను తినే ఫేజ్‌లూ ఉన్నాయి. కంది, మినుము, శనగ వేళ్లకు బుడిపెలు కట్టి నత్రజని ఇచ్చే రైజోబియంకు కూడా ఈ బెడద ఉంది. 1930లలో ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి లూసర్న్ గడ్డి వేసిన చేలల్లో పంట డీలా పడితే, ఫేజ్‌లే కారణమని డెమొలాన్, డ్యూనెజ్ అనే శాస్త్రజ్ఞులు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు. అయినా పంట మార్చి పంట వేయమని పెద్దలు చెప్పే మాటకు ఇంకో కారణం ఉండొచ్చు కదా అనిపిస్తుంది.

ఇది చదివి ఎవరైనా తెగులు చేలోని మట్టిని నీళ్లలో కలిపి, వడకట్టి, మిగతా చేనుకు కొడదామనుకుంటే పొరపాటు. ఫేజ్ కంటే ముందు తెగులు బ్యాక్టీరియానే పంచినట్టవుతుంది. గుడ్డలో వడకడితే బ్యాక్టీరియా ఆగదు. జీవామృతంలోనూ ఫేజ్‌లు ఉంటాయి, పేడ ఉన్నచోట ఉండక తప్పదు. కానీ అవి మీ మిరప మచ్చ తెగులును తినేవే అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. రేపు 'ఫేజ్ బయో' అని రంగుల డబ్బా దుకాణానికి వస్తే, లేబుల్ మీద కేంద్ర పురుగుమందుల బోర్డు రిజిస్ట్రేషన్ నంబరు, ఏ పంట, ఏ తెగులు అన్నది రాసి ఉందా చూడండి. తప్పకుండా బిల్లు తీసుకోండి. బయో పేరుతో రంగునీళ్లు కొని మునిగిన వాళ్లు గుంటూరు, ప్రకాశం మిరప రైతుల్లో తక్కువేమీ లేరు.

ఈలోగా చేతిలో ఉన్న పనులు ఉన్నాయి. తెగులు చేనులో కాయ విత్తనానికి ఉంచొద్దు. నారు మీద మచ్చ ఉంటే ఆ నారు నాటొద్దు. ఆకు తడిగా ఉన్నప్పుడు చేలో తిరగొద్దు, కలుపు తీయించొద్దు. చేతులతో, బట్టలతో తెగులు సాలు నుంచి సాలుకు పోతుంది. పత్తి మోళ్లు, మిరప కట్టె చేలో వదిలేయొద్దు.

మిరప, టమాటా, వంగ మొక్క పచ్చగా ఉండగానే నిలువునా వాడిపోతే అది బ్యాక్టీరియా వల్లా, బూజు వల్లా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన మొన మాత్రం నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటి నుంచి పాల దారం లాంటి తెల్లటి జీర కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. బూజు మందులు దానికి పనిచేయవు. ఆ మొక్కను వేళ్లతో సహా పీకి చేను బయట కాల్చేసి, ఆ చోటికి నీళ్లు పారకుండా గట్టు వేయండి. జీర రాకపోతే మొక్కను సంచిలో వేసుకుని రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్లి చూపించండి.